నన్ను నీళ్లలోకి తోయని ఊరు

ఉద్యోగం చేసినంతకాలం నేను నీళ్లను కాగితం మీదే చూశాను. గుడివాడలో కాలువల లెక్కలు రాసే ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే ముసలివాణ్ణయి, దండ వేయించుకుని బయటికి వచ్చాను. ఏ లాకు దగ్గర ఎంత నీరుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ నీళ్లలో కాలు పెట్టిన పాపాన మాత్రం పోలేదు.

నేను చేయనిది ఇంకొకటి కూడా ఉంది. ఒంటరిగా ఏ పనీ చేయలేదు. పుట్టింది ఇంటినిండా జనం ఉన్న ఇంట్లో. చదువుకున్నది ఒక గదిలో నలుగురిని కుక్కిన హాస్టల్లో. ఆఫీసులో ఏ కాగితం మీదైనా నా సంతకం ఉందంటే దాని కింద ముగ్గురివి, పైన ఇద్దరివి ఉండేవి. తిరుపతి వెళ్లినా బస్సు మాట్లాడుకుని చుట్టాలంతా కలిసి వెళ్లాం. గుండ్లు కూడా మూకుమ్మడిగానే చేయించుకున్నాం. రోజూ డైరీ రాయడం ఒక్కటే నా సొంత పని. అది కూడా మా ఆవిడ చదివి, "ఆవేళ వాన పడలేదండీ, మబ్బు పట్టింది అంతే" అని దిద్దేది.

అందుకని రిటైరయ్యాక, మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే, ఒక్కటంటే ఒక్క పని నా అంతట నేను చేసి చూడాలనిపించింది. నాగాయలంక దగ్గర తెరచాప పడవ ఎక్కి, కృష్ణ వాలున సముద్రం దాకా పోయి, ఒడ్డు వెంబడే తిరిగి పాలకాయతిప్ప ఇసుక మీద దిగాలి. ఒక్కణ్ణే. మహా అయితే రెండు రోజుల ప్రయాణం.

సాయంత్రాలు రైల్వే ప్లాట్‌ఫారం మీద నడిచే మా రిటైర్డు బృందానికి ఈ సంగతి చెప్పాను. "ఈత వచ్చా?" అని ఒకరు అడిగారు. వచ్చన్నాను. "ఈత వచ్చినవాళ్లేనండీ మునిగేది. రానివాళ్లు అసలు దిగరు కదా" అని ఇంకొకరు ధైర్యం చెప్పారు. మా ఆవిడ, "వెళ్లిరండి, రెండు రోజులన్నా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అంది. ఆమె ఆశీర్వాదాలన్నీ అలాగే ఉంటాయి.

బందరు గిలకలదిండిలో పడవలు కట్టే వడ్రంగి ఉన్నాడని విని, ఒక్కడు నడపగలిగే చిన్న నావ కావాలని వెళ్లాను. "ఒక్కళ్లకోసం ఇంత చెక్కెందుకండీ, పాత తలుపేసుకుని పోవచ్చుగా" అన్నాడు. అయినా కట్టాడు. ఆ నావ తొలి ప్రయాణం లారీ మీద జరిగింది. అవనిగడ్డ సెంటర్లో టీకి ఆగితే జనం చుట్టూ చేరి, పడవ గుర్తు ఏ పార్టీదని అడిగారు. ఇదంతా తొంభైల చివర్లో సంగతి. అప్పట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎన్నిక ఉండేది.

చలి మొదలయ్యాక ఒక ఉదయం నాగాయలంకలో నావ దించి బయలుదేరాను. సాయంత్రానికల్లా నా సాహసయాత్ర ఒక బురదదిబ్బ మీద కూర్చుంది. పాటు, అంటే నీరు వెనక్కి తీసే వేళ, ఎప్పుడో నాకు తెలుసు. ముందురోజే రాసిపెట్టుకున్నాను. నీరు దాన్ని చదవలేదు.

మడ చెట్లకు అవతల, నదీ సముద్రమూ కలిసే చోట ఒక లంక ఉంది. అక్కడ పడవలే బతుకైన చిన్న ఊరు. బురదలో కూర్చున్న నన్ను చూసి పదిమంది వచ్చారు. ఒక్క ప్రశ్న వేయలేదు. "సారు నావ పాటుకు పోద్దిరా, పైకి లాగండి" అన్నాడు ముందున్నవాడు. అతను ఊళ్లో ఇంజన్ బోటు నడిపే మనిషి, నోరు కూడా ఇంజన్ లాంటిదే. అందరూ కలిసి నా నావను నాతో సహా ఒడ్డుకు లాగి, ఒడ్డు దాటించి, వలలు ఆరేసే చోటు దాటించి, తాటాకు పాకలో పెట్టారు. సముద్రం స్వయంగా వచ్చి బతిమాలినా అందనంత భద్రంగా పెట్టారు.

నన్ను ఒడ్డున ఉన్న మొదటి ఇంట్లో దించారు. ఆ ఇంటి పెద్దాయనకు నా ఈడే ఉంటుంది. ఏ పడవ ఎప్పుడు కదలాలో, ఏ పాయలో నీరెంతుందో అరుగు మీద కూర్చుని అరిచి చెప్పేవాడు. ఊరు వినేది. ఆయన మాత్రం ఏ పడవ మీదా చెయ్యి వేసేవాడు కాదు, నీళ్ల అంచుకు కూడా పోయేవాడు కాదు. మోకాళ్ల నొప్పులేమోనని నేనే కారణం వెతికి, నా దగ్గరున్న తైలం కూడా ఇచ్చాను. మర్యాదగా పుచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరతానని చెప్పాను.

"తప్పకుండా సార్. మేమొచ్చి తోస్తాంగా" అన్నాడు ఇంజన్ బోటు మనిషి.

ఆ పొద్దున ఎవరూ రాలేదు. సాయంత్రం వచ్చి, "నీరు చాలదండి" అన్నారు. నీరు చాలినరోజు గాలి మూల తిరిగింది. గాలి బాగున్నరోజు మంగళవారం. ఆదివారం చర్చి. అమావాస్య పోటుకు తోద్దామన్నారు. ఆ పోటు వచ్చాక, పున్నమిది ఇంకా బాగుంటుందన్నారు. ఈలోగా పాకలో ఉన్న నావ ఎండి నెర్రెలిచ్చింది. నెర్రెలు పూడ్చితే గానీ దించకూడదు. పూడ్చాక ఆరాలి. ఆరితే మళ్లీ నెర్రెలిస్తుంది. మా ఆఫీసులో కాగితాలు ఇలా తిరగడం చూశాను గానీ, ఇంత ప్రేమగా తిరగడం ఎక్కడా చూడలేదు.

ఎవరూ కాదనలేదు, అదే విచిత్రం. పైగా ఇంజన్ బోటు మనిషి రోజూ పిలిచేవాడు. "పాలకాయతిప్పేగా సార్, రండి, అరపూటలో దించేస్తా. మీ నావని వెనకాల కట్టేద్దాం."

"నేను ఒక్కణ్ణే పోవాలయ్యా."

"ఒక్కరే కూర్చోండి సార్. నేను అటు తిరిగి నడుపుతా."

ఒక ఉదయం విసిగిపోయి నేనే తోసుకుందామని పాకలోకి వెళ్లాను. నావ కింద వెదురు దుంగలు వేసి భుజం పెట్టాను. జానెడు కదిలింది. ఈలోగా ఊరు ఊరంతా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. నవ్వితే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. "నడుం జాగ్రత్తండీ" అన్నారు ఒకరు. "ఎడం కాలు ఎనక్కెయ్యండి" అన్నారు ఇంకొకరు. ఒక్కరూ చెయ్యి వేయలేదు. నేను చెమట తుడుచుకోవడానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి, ఎండ తగులుతోందని నావను రెండు బారలు వెనక్కి లాగి నీడలో పెట్టారు.

ఆ విధంగా నేను ఆ ఊళ్లో స్థిరపడ్డాను. వారానికోసారి ఇంజన్ బోటులో నాగాయలంక వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. "ఎంతవరకు వచ్చారు?" అని అడిగేది మా ఆవిడ. బయలుదేరిన చోటుకే వచ్చానని చెప్పడం ఇష్టంలేక, గాలి కోసం చూస్తున్నానని చెప్పేవాణ్ణి. "గాలి కోసమైతే ఇంట్లో ఫ్యానుందిగా. సరే, వచ్చేటప్పుడు పీతలు తెండి" అని పెట్టేసేది.

తిండికి లోటు లేదు. పెద్దాయన భార్య నన్ను అన్నయ్యగారూ అని పిలిచి, మూడు పూటలా చేపలు పెట్టి, నేను సన్నబడిపోయానని బాధపడేది. తాగే నీళ్లు అవతలి ఒడ్డు నుంచి బిందెల్లో రావాలి. అయినా నా స్నానానికి ఒక బిందె వేరే ఉంచేది. వద్దంటే, "మాకు ఉప్పునీళ్లు అలవాటండీ, మీరు ముడుచుకుపోతారు" అనేది, నేనేదో పాత చొక్కా అయినట్టు. నేను డైరీ రాస్తుంటే చుట్టూ చేరి, తమ గురించి ఏం రాశానో చదవమనేవాళ్లు. చదివితే, "మరి అట్టా రాశారేంటండీ, మావోడి పడవ నీలం రంగుది కదా" అని సవరించేవాళ్లు. ఇంటి దగ్గర ఒక్కరే దిద్దేవారు. ఇక్కడ ఊరంతా దిద్దేది. ఒంటరి ప్రయాణికుడి జీవితం అలా నడిచింది.

అన్నాళ్లూ ఒక విషయం గమనించలేదు. ఆ లంకలో ఎవరూ ఒంటరిగా పడవ ఎక్కరు. ఇద్దరు ముగ్గురుగా వెళ్తారు. తోడు దొరకనివాడు ఒక గంపకింద కోడిని పెట్టుకుని వెళ్తాడు. కోడిని నేను చాలాసార్లు చూశాను. అమ్మడానికేమోనని డైరీలో కూడా రాసుకున్నాను. సాయంత్రం అదే కోడి తిరిగి వస్తే, ధర కుదరలేదనుకున్నాను.

పున్నమి పోటు కూడా పోయిన మర్నాడు నాకు నిజంగా కోపం వచ్చింది. పెద్దాయన భార్య పెరట్లో రొయ్యలు ఎండబోస్తోంది. వెళ్లి ఆమె మీద విరుచుకుపడ్డాను.

"అమ్మా, మీ ఊరివాళ్లు నన్ను ఎందుకు ఆపుతున్నారో ఒక్కరైనా చెప్పండి. నాకింక మళ్లీ ఇలా బయలుదేరే ఓపిక ఉండదు. ఈ కాలం దాటితే గాలి మారిపోతుంది. నేను ఇంటికి పోయి, ఆ నావలో వడ్లు పోసుకోవాల్సిందే."

ఆమె రొయ్యల మీద చెయ్యి ఆపింది. "మీకెవరూ చెప్పలేదాండీ?"

"మంగళవారమని చెప్పారు."

"పడవలో ఒంటి ప్రాణం ఉండకూడదండీ. రెండో ప్రాణం ఉండాలి. మనిషే అక్కర్లేదు, కోడైనా సరే. ఒంటి ప్రాణాన్ని తోస్తే తోసినోళ్ల మెడకి చుట్టుకుద్ది. ఎవరింట్లో ఉన్నోళ్లని ఆ ఇంటాయనే ఆఖరి తోపు తొయ్యాలి. మీరు మా ఇంట్లో ఉన్నారు."

"అయితే ఆయన్నే తొయ్యమనండి. కోడిని నేనే కొనుక్కుంటాను."

"ఆయన తొయ్యడండీ" అంది. కాసేపు రొయ్యల్ని అటూ ఇటూ కదిపింది. "మా మరిది ఒకడుండేవాడు. ఒకరోజు పొద్దున ఎండ్రకాయల కోసం పోతానన్నాడు. తోడెవరూ లేరు. కోడిని తెస్తా ఉండమన్నా. నేను గంప ఎత్తుతానే ఉన్నా, ఒక్క గంటకి కోడెందుకే అని ఈయన తోసేశాడు. మొగోళ్లిద్దరూ నవ్వుకున్నారు కూడా. పడవ దొరికిందండీ."

పడవ దొరికింది అని ఆగిపోయింది. మిగతాది చెప్పనక్కర్లేదు.

"అప్పట్నించీ ఈయన కాళ్లు తడవలా. మిమ్మల్ని తొయ్యాలంటే నీళ్లలోకి దిగాలి. దిగమని ఊళ్లో ఎవడు చెప్తాడు? వద్దని మీకెవడు చెప్తాడు? ఊరికొచ్చిన పెద్దమనిషిని కాదంటే బాగోదుగా."

అంటే మర్యాదకోసం ఇన్నాళ్లూ అబద్ధాలాడారన్నమాట. ఇంత నిష్ఠగా అబద్ధాలాడే ఊరు నేను చూడలేదు. ఒక్క మాట మొదటిరోజే చెప్పి ఉండవచ్చు కదా అని ఇంజన్ బోటు మనిషిని నిలదీస్తే, "చదువుకున్నోళ్లు, కోడంటే నవ్వుతారని సార్" అన్నాడు. నిజమే. వింటున్నంతసేపూ నాకు నవ్వు రావలసిందే. ఆ మరిది సంగతి అడ్డుపడింది.

పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"బావగారూ, నేను కోడిని ఎక్కించుకుంటాను. మీరు తోయండి."

ఏటి వైపు తిరిగాడు. ఇంకేముంది, బుధవారం కూడా మంచిది కాదంటాడనుకున్నాను.

"ఏ కోడి?" అన్నాడు.

ఆ ప్రశ్నతో ఇంకో వారం పోయింది. ఊళ్లో కోళ్లన్నీ ఒక్కొక్కటిగా ఆయన ముందు హాజరయ్యాయి. ఒకటి గుడ్లు పొదుగుతోంది, పనికిరాదు. ఒకటి కుంటుతోంది. ఒకటి మరీ చిన్నది, ప్రాణం కింద లెక్కకు వస్తుందో రాదో. నల్ల పుంజును తెస్తే, అది కయ్యాలమారిదని, నడి నీళ్లలో నాతో గొడవ పెట్టుకుంటుందని తిప్పి పంపాడు. నన్ను మా ఆఫీసులో చేర్చుకున్నప్పుడు ఇందులో సగం పరీక్ష కూడా పెట్టలేదు. ఆఖరికి తన పెరట్లోని ఎర్ర పెట్టనే తీసి, రెక్కల కింద చెయ్యి పెట్టి చూసి, "ఇది" అన్నాడు. ఆయన భార్య అప్పుడు ఇంట్లోకి వెళ్లిపోయింది.

కోడి ఉంటే అది ఒంటరి ప్రయాణం ఎలా అవుతుందని నాలో నేను చాలా తర్కించుకున్నాను. కోడికి నావ నడపడం రాదు, దారి చెప్పదు, డైరీ దిద్దదు. కాబట్టి అవుతుందని తేల్చుకున్నాను.

మర్నాడు పోటు నిండుగా ఉండగా, మంచి ఎండలో, అన్నాళ్లూ కుదరని పదిమంది చిటికెలో కుదిరారు. పాకలోంచి నావ నేరుగా నీళ్లలోకి వచ్చింది. నెర్రెలు, గాలి మూల, వారాలు అన్నీ ఎటుపోయాయో తెలియలేదు. నేను ఎక్కి చుక్కాని పట్టుకున్నాను. కోడిని తెరచాప కొయ్యకు తాడుతో కట్టారు. మిగతావాళ్లు మోకాలి లోతులో ఆగిపోయి వెనక్కి జరిగారు.

పెద్దాయన పంచె ఎగ్గట్టి నీళ్లలో కాలు పెట్టాడు. వెనక చెక్క మీద రెండు చేతులూ ఆనించి తోస్తూ వచ్చాడు. మోకాళ్ల లోతు, నడుం లోతు. నావ తేలుతోంది, తెరచాపలో గాలి పడింది, అయినా చేతులు తీయడు. రొమ్ముల దాకా నీళ్లు వచ్చాయి.

"వదులు మావా!" అని ఒడ్డు నుంచి అరిచాడు ఇంజన్ బోటు మనిషి.

ఆయన నా మొహం చూడలేదు. కోడి వైపు చూసి, వదిలాడు.

ఆ ప్రయాణం గురించి ఏం చెప్పను? ఒంటరిగా ఉండటం గురించి జీవితమంతా అనుకున్నవన్నీ నిజమే. చాలా బాగుంటుంది. కొంచెం విసుగ్గా ఉంటుంది. ఆకలి తొందరగా వేస్తుంది. పాయ దాటి సముద్రంలో పడ్డాక, ఒక పక్క మడ అడవి, ఒక పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం వైపే చూస్తూ కూర్చున్నాను. కోడి ఎటూ మాట్లాడదు కదా, నేనే మాట్లాడాను. మా ఆవిడ గురించి కూడా కొంత చెప్పాను. వెనక ఎక్కడో దూరంగా ఒక ఇంజన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. చేపలవాళ్లు కాబోలనుకున్నాను.

మధ్యాహ్నానికి పాలకాయతిప్ప ఇసుకలో నావ ఆగింది. నా అంతట నేను తెరచాప దించి, నా అంతట నేను దిగి, ఇటు తిరిగితే, ఇంజన్ బోటు నా పక్కనే వచ్చి ఆగింది. దారి పొడుగునా వెనక వచ్చింది వాళ్లే. అందులో బోటు మనిషి, పెద్దాయన భార్య, ఆమె ఒళ్లో అన్నం గిన్నె, ఆఖర్న పెద్దాయన.

"మేం మిమ్మల్ని చూళ్లేదు సార్, మీరొక్కరే వచ్చారు" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చాడు బోటు మనిషి.

పెద్దాయన నీళ్లలోకే దిగి వచ్చాడు. నా నావ చుట్టూ ఒకసారి తిరిగాడు. కోడిని తడిమి, కాళ్లు చూసి, దానికి కాసిని మెతుకులు పెట్టాడు. తర్వాత, ఇల్లు అద్దెకు అడిగినంత మామూలుగా అడిగాడు.

"బావగారూ, మీ నావ ఇస్తే నేను ఇంటికి తీసుకుపోతా. ఒక్కణ్ణే. కోడుందిగా."

ఆయన భార్య గిన్నె మూత పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మరి తోసేదెవరు?" అన్నాను.

"మీరే. మీ పడవేగా."

ఆయన ఎక్కి చుక్కాని పట్టుకున్నాడు. పడవ నడపడం మర్చిపోయి ఉంటాడని నేను అనుకున్నది తప్పు. నేను వెనక చెక్క మీద చేతులు పెట్టి తోశాను. ఇసుక దాటింది, నడుం లోతు వచ్చింది. ఇక వదిలేయవచ్చు. నా చేతులు వదల్లేదు. గాలి కొంచెం తేడాగా ఉందనిపించింది. ఎండ ఎక్కువైందనిపించింది. ఆవేళ ఏ వారమో గుర్తుచేసుకోబోయాను. అలాంటి కారణాలు వెతకడం నాకు రాదనుకున్నాను గానీ, వరసగా వచ్చేస్తున్నాయి.

"వదలండి" అన్నాడు, వెనక్కి చూడకుండా.

వదిలాను.

తర్వాత నేను గబగబా ఇంజన్ బోటు ఎక్కి, కాస్త దూరంగా వెనకే పోనివ్వమన్నాను. అన్నం గిన్నె మధ్యలో అలాగే ఉంది, ఎవరూ తినలేదు. పావు మైలు కూడా పోకముందే ముందు నావలోంచి ఒక అరుపు వినిపించింది. అరుగు మీద నుంచి ఊరంతా వినే అరుపు అది.

"ఆ ఇంజన్ ఆపండెహె! కోడి బెదురుతోంది!"

బోటు మనిషి నా వైపు చూశాడు. నేను పెద్దాయన భార్య వైపు చూశాను. ఆమె తల ఊపింది. అతను ఇంజన్ ఆపేశాడు. ఆ చప్పుడు పోయాక అలల చప్పుడు ఒక్కటే మిగిలింది. తెరచాప దూరమవుతూ, ఇంటికి అడ్డదారైన ఒక పాయ సముద్రంలో కలిసే మొగదాకా వెళ్లింది. అప్పుడామె బోటులో లేచి నిలబడి, "కుడికి! కుడికి తిప్పు!" అని అరిచింది. అంత దూరం వినపడే గొంతు కాదు ఆమెది. నావ కాసేపు అలాగే ముందుకు పోయి, దానంతట అది కుడికి తిరిగి, మడ చెట్ల వెనక్కి వెళ్లిపోయింది.